కంటైనర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కి ఏం పని?

డాకర్ లాంటి టూల్స్ అప్లికేషన్‌ని, దానికి కావాల్సినవాటిని కలిపి విడిగా నడిపే డబ్బానే కంటైనర్ అంటారు. అది లేచేది ఇమేజ్ అనే మూస నుంచి. కంటైనర్‌లో ఏదైనా తేడా కొడితే లోపలికి వెళ్లి చూడటానికని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని (దూరం నుంచి ఎన్‌క్రిప్షన్‌తో లాగిన్ అవనిచ్చే ప్రోగ్రామ్) ఇమేజ్‌లోనే పెట్టేయడం కొన్ని టీముల్లో ఇంకా అలవాటే. పాత అప్లికేషన్లయితే టెల్‌నెట్‌ని కూడా వెంటేసుకుని వస్తాయి. పాస్‌వర్డ్‌ని సైతం ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపే సర్వీసది. దాన్ని పీకేయాలంటే ఎవరూ కాదనరు. పేచీ అంతా ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరే. అది సేఫే కదా అని అందరికీ ధీమా.

సర్వర్ మీద సేఫే. కంటైనర్‌లో లెక్క వేరు. డెబియన్ లాంటి లైనక్స్ బేస్ మీద ఇమేజ్ బిల్డ్ చేస్తూ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తే హోస్ట్ కీలు (సర్వర్ తన గుర్తింపుగా చూపే కీలు) అక్కడికక్కడే తయారవుతాయి. మార్చకపోతే ఆ ఇమేజ్ నుంచి లేచే కంటైనర్లన్నింటికీ అవే కీలు. ఇమేజ్ చేజిక్కినవాడు ఆ ప్రైవేట్ కీతో అసలు సర్వర్‌ని తానేనని నమ్మించగలడు. తర్వాతి స్టెప్‌లో డిలీట్ చేశాం కదా అంటారా? ఇమేజ్ అంటే స్టెప్పుల వారీగా పేర్చిన లేయర్లు, కింది లేయర్‌లో అది చెక్కు చెదరదు. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ స్టెప్పులు రాసే ఫైల్) కమాండ్‌గా రాసిన రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్‌నైతే ‘డాకర్ హిస్టరీ’ కమాండ్ ఉన్నదున్నట్టు చూపించేస్తుంది.

ఆల్పైన్ లైనక్స్ అధికారిక డాకర్ ఇమేజ్‌లలో 3.3 వెర్షన్ నుంచీ రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా ఉందని 2019లో బయటపడింది. లైనక్స్‌లో పాస్‌వర్డ్ వివరాలుండే షాడో ఫైల్‌ని చూసి లాగిన్ ఇచ్చే సర్వీసు లోపల ఉన్నప్పుడే అది ప్రమాదం. అలాంటిది లేనివాళ్లకు పెద్దగా ఇబ్బంది లేదు.

పోర్ట్ సంగతీ ఉంది. మామూలుగా డాకర్‌లో పోర్ట్ పబ్లిష్ చేస్తే (కంటైనర్ బయటికి అందేలా తెరిస్తే) అది అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల మీదా తెరుచుకుంటుంది, పైగా లైనక్స్ ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని దాటుకుపోతుంది. ఫైర్‌వాల్ ఉందిలే అని టెన్షన్ లేకుండా ఉన్నవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు.

ఎస్‌ఎస్‌హెచ్ తీసేసి నడుస్తున్న కంటైనర్‌లో కమాండ్ నడిపే ‘డాకర్ ఎగ్జెక్’ వాడమంటారు. సలహా మంచిదే, కానీ సగమే. ఎగ్జెక్ నడిచేది డాకర్‌కి ఆదేశాలిచ్చే దారి, అంటే డాకర్ ఏపీఐ ద్వారా. ఆ ఏపీఐని టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్, గుర్తింపు తనిఖీ) లేకుండా 2375 పోర్ట్‌లో బయటికి వదిలితే ఒక్క కంటైనర్ కాదు, కంటైనర్లు నడిచే హోస్ట్ మెషిన్ మొత్తం పోయినట్టే. అదే ఏపీఐకి లోకల్ దారైన డాకర్ సాకెట్‌ని కంటైనర్‌లోకి మౌంట్ చేయడమూ దాదాపు అంతే. చాలా కంటైనర్లను కలిపి నడిపే కుబర్నెటీస్‌లో ఎగ్జెక్ అనుమతిని ఆర్‌బీఏసీతో (పాత్రను బట్టి అనుమతులిచ్చే పద్ధతి) విడిగా కట్టడి చేయొచ్చు. ఆడిట్ లాగ్ పెట్టుకుంటే ఎవరు, ఎప్పుడు వెళ్లారో తెలుస్తుంది. లోపల ఏం టైప్ చేశారో మాత్రం అందులో ఉండదు. అందుకే ప్రొడక్షన్‌లో ఆ అనుమతి ఎప్పటికీ కాకుండా, పని ఉన్న కాసేపటికే ఇవ్వాలని నా వాదన.

ఇమేజ్‌లో భద్రతా లోపాలు వెతికే స్కానర్లు సాధారణంగా ప్యాకేజీ వెర్షన్లను చూస్తాయి. తాజా వెర్షన్ ఎస్‌ఎస్‌హెచ్ కనిపిస్తే ఓకే అనేస్తాయి. అసలది అక్కడెందుకుందని అడగవు. ఆ ప్రశ్న బిల్డ్ పైప్‌లైన్‌లోనే పడాలి: ఇమేజ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ గానీ టెల్‌నెట్‌డీ గానీ (ఆ రెండింటి సర్వర్ ప్రోగ్రాములు) దొరికితే బిల్డ్ ఫెయిలవ్వాలి, కావాలన్నవాళ్లు కారణం రాసి మినహాయింపు తెచ్చుకోవాలి.