ఎన్‌ఎస్‌ఏ కోడ్ అయితే మాత్రం?

అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ తయారుచేసిన గీడ్రాని (ప్రోగ్రామ్‌లను విప్పి అవెలా పనిచేస్తాయో చూపే సాఫ్ట్‌వేర్) కంప్యూటర్‌లో పెట్టుకోవద్దని ఒకరు రాశారు. మరి జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ మాటేమిటి? అందులో యాప్‌లను కట్టడి చేసే ఎస్‌ఈలినక్స్ కూడా 2000లో ఎన్‌ఎస్‌ఏ బయటపెట్టిందే! గీడ్రా 2019 మార్చిలో వచ్చీరాగానే, తప్పులు వెతికే డీబగ్ మోడ్‌లో నడిపితే 18001 పోర్టు (బయటి కంప్యూటర్లు కలవడానికి వాడే ద్వారం) నెట్‌వర్క్ అంతటికీ తెరిచి ఉంటోందని బయటివాళ్లు పట్టేశారు. దాన్ని మూసేయడానికి స్క్రిప్టులో ఒక్క లైను మారిస్తే సరిపోయింది.

నా భయం కోడ్ మీద కాదు, దాని వెనక లెక్కల మీద. రహస్య సంకేతాల కోసం యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే డ్యూయల్ ఈసీ అనే పద్ధతి కూడా ఎన్‌ఎస్‌ఏదే; దానికి 2006లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ప్రమాణం హోదా ఇచ్చింది. అందులో లెక్కకు ఆధారంగా వాడిన, ఒక గణిత వక్రరేఖ మీది రెండు బిందువులను ఎలా ఎంచుకున్నారో చెప్పలేదు. ఇందులో దొడ్డిదారి ఉండొచ్చని నిపుణులు 2007లోనే మొత్తుకున్నా, తీసేసింది 2014లో. అలాంటిది సోర్స్ కోడ్ లైను లైనూ చదివినా దొరకదు. గీడ్రా అంటారా, నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) వాడుకోండి, టెన్షన్ ఉండదు.