తిరిగే తెర, వెలగని వెలుగు

బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ దుకాణాల్లో మనం తెలుగువాళ్లమని పసిగడితే చాలు, మడిచే ల్యాప్‌టాప్ ఒకటి చూపించి "360 డిగ్రీలు తిరుగుతుంది చూడండి సార్!" అని తెలుగులోనే మొదలుపెడతారు. తిరిగితే తిరిగింది, తెర సంగతి ఏమిటి? ఇంటికి తెచ్చినదానికి వెలుగు 250 నిట్లే (నిట్ అంటే తెర వెలుగు కొలత), రంగులు ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల కొలమానంలో 45 శాతమే. ఎర్ర మిరపకాయ ఇటుక రంగులో కనిపిస్తుంది. పైగా నిగనిగలాడే టచ్ తెర. కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాల కన్నా నా ముఖమే స్పష్టంగా కనబడుతోంది. వేలు తగిలితే చాలు, తెర మొత్తం ఊగుతుంది. వెనక్కి మడిచి టాబ్లెట్ అనుకుందామంటే కిలోన్నర బరువు, వేళ్ల కింద కీబోర్డు మీటలు. తెర మీద రాసే పెన్ను విడిగా కొనుక్కోవాలట! ప్రాసెసర్ పేరు మాత్రం మెరిసే స్టిక్కరు మీద వేసి మరీ అంటిస్తారు. నిట్ల లెక్క కూడా పెట్టె మీద ముద్రించడానికి వీళ్లకు ఏమిటి అడ్డం?