పట్వారీ గారి పునర్జన్మలు

2025 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఐదు వేల పైచిలుకు మందికి గ్రామ పాలన అధికారులుగా నియామక పత్రాలు ఇచ్చింది. సభలో చప్పట్లు మోగాయి. ఇంతకీ వీళ్లెవరంటే ఊళ్లో భూముల లెక్క చూసిన పాత వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు), వాళ్ల కింది వీఆర్‌ఏలే (సహాయకులే). వీఆర్వోలు అవినీతికి మూలవిరాట్టులని ముద్రవేసి, 2020 సెప్టెంబర్‌లో చట్టం చేసి మరీ ఆ పోస్టునే రద్దు చేశారు. అప్పుడూ చప్పట్లే. ఉన్నవాళ్లని ఏం చెయ్యాలో తోచక, 2022లో లాటరీ తీసి తలో శాఖకీ పంచారు. ఇప్పుడు పరీక్ష పెట్టి, పాసైనవాళ్లని మళ్లీ ఊళ్లోకి తెచ్చారు. గంగలో మునక్కుండా లాటరీ చీటీతోనే పాపం కడిగేసే సౌకర్యం ఇంకే రాష్ట్రంలోనైనా ఉందా?

నాకు ఒళ్లు మండేది ఆ ఉద్యోగుల మీద కాదు, ఆ చప్పట్ల మీద. పోస్టు తీసేసినా విప్లవమే, తిరిగి పెట్టినా విప్లవమే.

సంస్థలు ఎలా పుడతాయి, ఎందుకు మారతాయి అన్న పరిశోధనకి 2024లో డారన్ ఎసిమోగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్‌లకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. పాపం, అందుకోసం వలస దేశాల చరిత్రంతా తవ్వారు. ఏదో ఒక తహసీల్ ఆఫీసు వరండాలో ఒక పూట కూర్చుంటే సరిపోయేది.

నిజాం ఏలుబడిలో ఊళ్లో లెక్క పట్వారీది, శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, పెత్తనం పోలీస్ పటేల్‌ది. ఆంధ్ర వైపు కరణం, మునసబు. తండ్రి తర్వాత కొడుకు. ఊరి భూమంతా పట్వారీ ఇంట్లో గుడ్డ మూటలో ఉండేది, దఫ్తరం అనేవారు. పహాణీలో, అంటే ఏటా రాసే భూమి లెక్కలో, ఎవరి పేరుండాలో పొలంలో కంటే ఆయన అరుగు మీదే తేలేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ఒక్క ఆర్డినెన్సుతో అందరినీ ఇంటికి పంపారు. మూటలు సర్కారు ఆఫీసులకి చేరాయి. ఆ తర్వాత విలేజ్ అసిస్టెంట్ అన్నారు, వీఏవో అన్నారు, కొన్నాళ్లు పంచాయతీ కార్యదర్శికి అంటగట్టారు, చివరికి వీఆర్వో అన్నారు.

ఇక లాభం లేదని 2020 అక్టోబర్ 29న భూ రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి పోర్టల్ తెచ్చారు. మనిషి ఉంటే కదా లంచం, మనిషినే తీసేస్తే పోలా అన్నది సూత్రం. సూత్రం గొప్పదే. ధరణి ఉన్నన్నాళ్లూ మండల కేంద్రంలో కంప్యూటర్ ముందు అదెలా నడిచిందో చూడండి.

"పెద్దాయనా, నీ పది గుంటలు తగాదా భూముల లిస్టుల, పార్ట్-బిలో పడ్డయి."

"బిలంల పడ్డయా? ఎవలు తీస్తరు బిడ్డా?"

"కలెక్టర్ సార్ తియ్యాలె. టీఎం 33 పెట్టుకో."

"గదేం మందు?"

"మందు కాదే, మాడ్యూల్. తప్పు దిద్దుమని పెట్టే దరఖాస్తు. ఫీజు కట్టాలె."

కడతాడు. కొన్ని నెలలకి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, రిజెక్టెడ్ అని. ఎందుకో ఉండదు. కారణం అడగడానికి మనిషి లేడు, తీసేశాం కదా! మళ్లీ పెట్టుకో, మళ్లీ ఫీజు. పట్వారీ అయితే కనీసం కోడిపుంజుకి లొంగేవాడు. సర్వర్‌కి కోడిపుంజుని ఏ రంధ్రంలోంచి పెట్టాలి?

(ఆంధ్రవాళ్లు నవ్వనక్కర్లేదు. సర్వే రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ బొమ్మ చెక్కుకుని, తాత ఇచ్చిన పొలం పాసుపుస్తకం మీద కూడా ఆయన ఫొటోనే చూసుకున్నది మీరే.)

సరే, అసలు సంగతికి వస్తాను. పాత పహాణీలో ఒక కాలమ్ ఉండేది: అనుభవదారు. పట్టా ఎవరిదైనా, ఈ ఏడు నేలలో దిగి చేస్తున్నది ఎవరో అక్కడ రాయాలి. పట్వారీ అందులో ఎన్ని అబద్ధాలైనా రాసి ఉండొచ్చు, కానీ అడగడానికి ఒక గడి అంటూ ఉండేది. ధరణి ఆ గడినే ఎత్తేసింది. ఇది పొరపాటు కాదు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకి హక్కులొచ్చిన దగ్గర్నుంచీ, కౌలుదారు పేరు కాగితం మీద పడితే భూమి పోతుందని ఆసాములకి దడ. అందుకే కౌలు అంతా నోటిమాటే. ఒకే మనిషి పాతుకుపోకుండా ఏడాదికోసారి మార్చడం ఉండనే ఉంది. 2011లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిస్తామని చట్టం చేశారు. ఆ కార్డు పట్టుకుని బ్యాంకుకెళ్తే మేనేజర్ పట్టాదారుని తీసుకురమ్మంటాడు!

2018లో ఎకరాకింత అని పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు వచ్చింది, పట్టాదారుకి. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకీ ఇస్తామన్నారు. 2025లో ఎకరాకి ఏటా 12,000 అన్న రైతు భరోసా మొదలైంది, అదీ పట్టాదారుకే. వడ్డీకి తెచ్చి పత్తి వేసి, వానకి అంతా పోయి, ఆ పత్తి కోసం తెచ్చిన మందే తాగి చచ్చినవాడి భార్య రైతు బీమా అడగబోతే, ఐదు లక్షలు రావమ్మా అంటారు. నీ మొగుడు రైతు కాడు అంటారు. సిగ్గుందా? చచ్చినవాడి చేతులకింకా ఆ మట్టి అంటుకునే ఉంటుంది, వాడు రైతు కాదు. మరెవడయ్యా రైతు? డల్లాస్‌లో పొద్దున్నే కాఫీ తాగుతూ, ఖాతాలో డబ్బు పడ్డ మెసేజ్ చూసి "నాన్నా, ఇదేం డబ్బు?" అని ఇంటికి ఫోన్ చేసే ఆయనా?