ముఖం చూసి దేశం రాయొద్దు

2016 జనవరి 31 రాత్రి బెంగళూరు శివార్లలో, హెసరఘట్ట రోడ్డు మీద, సూడాన్ దేశస్థుడు నడుపుతున్న కారు ఢీకొని ఒక మహిళ చనిపోయింది. కాసేపటికి అదే దారిలో మరో కారు వచ్చింది. అందులో ఉన్నది టాంజానియా నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి, ఆమె స్నేహితులు. జరిగిన ప్రమాదంతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. అక్కడ పోగైన గుంపు ఆ విషయం అడగలేదు. కారు ఆపి కొట్టింది, కారును తగలబెట్టింది. తన దుస్తులు చించేశారని ఆ అమ్మాయి పోలీసులకు చెప్పింది. సూడాన్, టాంజానియా కనీసం ఇరుగుపొరుగు దేశాలు కూడా కావు. మధ్యలో దక్షిణ సూడాన్, ఉగాండా, కెన్యా ఉన్నాయి. భాష వేరు, డబ్బు వేరు, ప్రభుత్వం వేరు. గుంపుకు కనిపించింది ఒంటి రంగు మాత్రమే.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేతాలో తెలుగువారైన ఇద్దరు ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. మా దేశం నుంచి వెళ్లిపొండి అని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. పారిపోయి పక్క రాష్ట్రం మిస్సోరీలో ఒక రెస్టారెంట్‌కు వెళ్లిన హంతకుడు, తాను ఇద్దరు ఇరాన్ వాళ్లను కాల్చానని అక్కడి ఉద్యోగికి చెప్పాడు. ఇరాన్ వాళ్లయితే చంపొచ్చని కాదు. వాళ్లెవరో తెలుసుకోవాలన్న ఆలోచన కూడా లేకుండా ఒక మనిషిని చంపేయగలిగాడన్నదే ఇక్కడ భయపడాల్సిన విషయం. ఆ వార్త విని హైదరాబాద్‌లో, వరంగల్‌లో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మనకు తెలుసు. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంటికీ అది సొంత వార్త.

ఈ రెండు ఘటనలనూ మనం ఒకేలా చూస్తున్నామా? చూడటం లేదనే మా అభిప్రాయం. కాన్సస్‌లో జరిగింది జాతి ద్వేషమని వెంటనే గుర్తుపట్టాం. బెంగళూరులో జరిగింది మాత్రం ఏదో రోడ్డు గొడవలాగా చాలామందికి అనిపించింది. కానీ రెండింటి వెనకా ఉన్న పొరపాటు ఒకటే. ఒకడి తప్పు అందరి మీద పడాలంటే ముందుగా అందరికీ ఒకే పేరు పెట్టాలి. ఆ పేరు పెట్టే పని రోడ్డు మీద మొదలు కాదు. మన మాటల్లో, పోలీసుల ప్రెస్ నోట్లలో, పత్రికల శీర్షికల్లో, టీవీ స్క్రోలింగుల్లో మొదలవుతుంది.

డ్రగ్స్ కేసులో ఒక నల్లజాతి విదేశీయుడు పట్టుబడితే మొదటి గంటలోనే 'నైజీరియన్ ముఠా' అని వచ్చేస్తుంది. పట్టుబడినవాడు ఘనా పౌరుడో, ఐవరీ కోస్ట్ పౌరుడో, సూడాన్ నుంచి వచ్చి వీసా అయిపోయినవాడో సాయంత్రానికి తేలుతుంది. అప్పటికి ఆ మాట ఊరంతా పాకిపోయి ఉంటుంది. ఆఫ్రికాలో ఐక్యరాజ్యసమితి సభ్యత్వం ఉన్న దేశాలే 54. హైదరాబాద్‌లో ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు, టోలిచౌకీలో అద్దెకుండేవాళ్లు, కార్పొరేట్ ఆస్పత్రులకు వైద్యం కోసం వచ్చేవాళ్లు వీటిలో ఎన్నో దేశాల నుంచి వస్తారు. బిడ్డ గుండె ఆపరేషన్ కోసం వచ్చిన సోమాలియా తల్లికి, పీహెచ్‌డీ చేస్తున్న ఇథియోపియా లెక్చరర్‌కు ఇల్లు అద్దెకు దొరక్కపోవడానికి పొద్దున పేపర్లో వచ్చిన 'నైజీరియన్' అన్న మాట చాలు. నిజానికి నైజీరియా పౌరులకు జరిగే అన్యాయం కూడా తక్కువేమీ కాదు. 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశం పేరు మన దగ్గర నేరానికి మారుపేరైపోయింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక కుర్రాడు చనిపోతే పుకార్లు నమ్మి నైజీరియా విద్యార్థుల మీద గుంపులు పడి కొట్టాయి. ఇక నైజీరియా పక్కనే నైజర్ అనే వేరే దేశం ఉందన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది?

ఇంగ్లిష్ వార్తను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ఈ గందరగోళం ఇంకొంత పెరుగుతోంది. ఇంగ్లిష్‌లో ఒక్కో దేశం వాళ్లకు ఒక్కో తీరున పేరు చేస్తారు. ఆ లెక్క పట్టుకుని ఆఫ్ఘనిస్తాన్ వాళ్లను 'ఆఫ్ఘనీలు' అని రాసేస్తున్నారు. ఆఫ్ఘనీ అంటే ఆ దేశపు కరెన్సీ. తెలుగులో ఇంత అవస్థ అక్కర్లేదు. దేశం పేరు చెప్పి పక్కన దేశస్థుడు, దేశస్థురాలు, పౌరులు, వాళ్లు అంటే సరిపోతుంది. నైజర్ దేశస్థుడు, ఫిలిప్పీన్స్ పౌరులు, ఆఫ్ఘనిస్తాన్ వాళ్లు. ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు, ఎవరినీ కించపరిచినట్టూ ఉండదు.

దేశానికీ భాషకూ తేడా చూడకపోవడం ఇంతకంటే ప్రమాదకరం. ఈ తప్పు మన దేశ పౌరులనే పరాయివాళ్లను చేస్తోంది. 2025లో ఢిల్లీ పోలీసుల లేఖ ఒకటి బెంగాలీని 'బంగ్లాదేశీ భాష' అని పేర్కొంది. మన జాతీయ గీతం పుట్టింది ఆ భాషలోనే. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో మొదటినుంచీ ఉన్న భాష అది. అదే ఏడాది పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని ఢిల్లీలో పట్టుకుని బంగ్లాదేశ్ సరిహద్దు దాటించారు. కోర్టులు జోక్యం చేసుకున్నాక, కొన్ని నెలలకు గానీ ఆమె తిరిగి రాలేకపోయింది. మన నగరాల్లో సెంట్రింగ్ పనికి, హోటల్ పనికి పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా, ముర్షిదాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను 'బంగ్లాదేశోళ్లు' అనేవాళ్లకు ఆ మాట బరువు తెలియదు. ఆ మాట ఒక మనిషిని రాత్రికి రాత్రి సరిహద్దు అవతల నిలబెట్టగలదు. బంగ్లాదేశ్‌లోనూ ఈ పేరు మీద పెద్ద వాదనే జరిగింది. 1972లో అక్కడి రాజ్యాంగం దేశ పౌరులందరినీ 'బెంగాలీలు' అన్నప్పుడు, చిట్టగాంగ్ కొండల నుంచి వచ్చిన సభ్యుడు మానవేంద్ర నారాయణ్ లార్మా తాము చక్మాలమనీ బెంగాలీలం కాదనీ సభలోనే అభ్యంతరం చెప్పారు. తర్వాత పౌరులకు 'బంగ్లాదేశీ' అన్న పేరు వచ్చింది. జాతి పేరు వేరు, పౌరసత్వం పేరు వేరు అని ఆ దేశం తేల్చుకోడానికి దశాబ్దాలు పట్టింది.

నేపాలీ భాష సంగతీ అంతే. 1992లోనే అది ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. డార్జిలింగ్ కొండల్లో, సిక్కింలో ఉండే భారత పౌరులు లక్షల మంది మాట్లాడేది ఆ భాషే. నేపాల్ పౌరులతో తమను కలిపేస్తున్నారనే డార్జిలింగ్ వాళ్లు తమను తాము గోర్ఖాలు అని చెప్పుకుంటారు. మన కాలనీల్లో మాత్రం రాత్రి కర్ర పట్టుకుని విజిల్ వేస్తూ తిరిగే మనిషి ఎవరైనా గూర్ఖాయే. అది ఒక ఉద్యోగం పేరైపోయింది. ఆ మనిషికి అసలు పేరు ఏమిటి, ఊరేది అని అడిగేవాళ్లు తక్కువ. ఈశాన్య రాష్ట్రాల యువతను చైనా వాళ్లుగా లెక్కగట్టి వెక్కిరించడం, 2020లో 'కరోనా' అని పిలిచి హేళన చేయడం దేశమంతా చూసింది. 2014లో ఢిల్లీలో అరుణాచల్ యువకుడు దాడికి గురై చనిపోయాక ఈశాన్య రాష్ట్రాల వాళ్ల సమస్యలు పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. కమిటీ సిఫార్సులు వచ్చి పదేళ్లు దాటింది. మిజోరం, మణిపూర్ పిల్లలు మాత్రం హోటళ్లలో, బ్యూటీ పార్లర్లలో ఇప్పటికీ మీది ఏ దేశమన్న ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఈ బాధ తెలుగువాళ్లకు తెలియనిది కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలను అక్కడ 'కొరింగీలు' అన్నారు. రేవు పేరే మనుషుల పేరైంది, తర్వాత తిట్టుగా మారింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ కొత్తవాళ్లను తీసేశారు. ఆ గొడవ అల్లర్లుగా మారి ఊళ్లోకి పాకింది. భారతీయుడిగా కనిపించిన ప్రతివాణ్నీ వెంటపడి కొట్టారు, చాలామందిని చంపారు. 1962లో సైనిక పాలన వచ్చాక లక్షల మంది భారతీయులు బర్మా వదలాల్సి వచ్చింది. అలా కట్టుబట్టలతో విశాఖపట్నం చేరినవాళ్లు ఉన్న చోటే ఇవాళ్టికీ బర్మా క్యాంపు. అక్కడ ఉన్నన్నాళ్లూ 'కలా' (భారతీయులను బర్మా వాళ్లు చిన్నచూపుతో పిలిచే మాట) అనిపించుకున్నారు, ఇక్కడికొస్తే 'బర్మా వాళ్లు' అయ్యారు. సొంత నేల మీద కాలు పెట్టాక కూడా పరాయి దేశం పేరుతోనే బతికారు.

అదే దేశం నుంచి తరిమేసిన రోహింగ్యాలు ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్నారు. మయన్మార్ ప్రభుత్వం రోహింగ్యా అన్న పేరునే ఒప్పుకోదు, వాళ్లను బెంగాలీలంటుంది. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్లకు దేశమే లేకుండా పోయింది. 2017లో సైన్యం దాడులతో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. శరణార్థుల విషయంలో ప్రభుత్వ విధానం ఎలా ఉండాలన్నది వేరే చర్చ. వాళ్లను వాళ్ల పేరుతో పిలవడానికి ఆ చర్చ తేలేదాకా ఆగక్కర్లేదు.

మరో విషయం కూడా గట్టిగా చెప్పాలి. అమెరికాలో పుట్టి అక్కడే పెరిగిన ఉషా వాన్స్‌ను మన ఆడపడుచు అంటాం. అమెరికా పౌరుడైన సత్య నాదెళ్ల మనవాడని గర్వపడతాం. అభిమానంతో అనుకునే మాట, అందులో తప్పు లేదు. మరి నిజాం కాలంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వారసులు హైదరాబాద్ ఏసీ గార్డ్స్ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నారు. ఆ పేటకు పేరే వాళ్ల వల్ల వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన చావూష్‌ల మనవలు, మునిమనవలు బార్కస్‌లో ఉన్నారు. పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ, ఓటు ఇక్కడ. ఆ కుర్రాళ్లను చూసి విదేశీయులనుకుంటాం. సముద్రం అవతల పుట్టిన బిడ్డ మనదైనప్పుడు, మన నగరంలో పుట్టిన బిడ్డ పరాయివాడెలా అవుతాడు? వంశాన్ని బట్టి మనవాళ్లను లెక్కపెట్టుకుంటూ, ముఖాన్ని బట్టి ఇక్కడివాళ్లను బయటికి నెట్టడం న్యాయం కాదు.

సరైన పేరు తెలియకపోతే మన ఇంటివాళ్లకే నష్టం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన ప్రతివాడూ 'దుబాయ్ పోయిండు'. పోయింది సౌదీ కావచ్చు, కువైట్ కావచ్చు, ఖతర్ కావచ్చు. మనిషి బాగున్నంతకాలం ఆ తేడాతో పనిలేదు. జీతం ఆగినప్పుడో, జైల్లో పడ్డప్పుడో, శవం ఇంటికి రావాల్సినప్పుడో మొదట అడిగేది ఏ దేశం అనే. రియాద్‌లో ఒక రాయబార కార్యాలయం, అబుదాబిలో ఒకటి, కువైట్‌లో, దోహాలో, మస్కట్‌లో, మనామాలో ఒక్కొక్కటి. దేశం పేరు తెలియక ఆలస్యమయ్యే ప్రతి రోజూ ఆ కుటుంబం టెన్షన్‌తో గడపాల్సిందే. పాస్‌పోర్టు, వీసా, కంపెనీ చిరునామా జిరాక్స్ ఇంట్లో పెట్టించే పని గ్రామ పంచాయతీలు చేయొచ్చు. ఖర్చు దాదాపు లేదు.

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లల సంగతి చూడండి. 2024 మేలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో స్థానిక యువకులకు ఈజిప్టు విద్యార్థులతో గొడవైందని వార్తలు వచ్చాయి. కొన్ని రోజులకు గుంపులు దాడి చేసింది పాకిస్తాన్, భారత్, బంగ్లాదేశ్ విద్యార్థులుండే హాస్టళ్ల మీద. హెసరఘట్ట రోడ్డు మీద జరిగిందే అక్కడా జరిగింది, ఈసారి తలుపులు వేసుకుని లోపల కూర్చున్నవాళ్లలో మన పిల్లలున్నారు.

దేశాలు పేర్లు మార్చుకుంటున్నాయన్న ఫిర్యాదు కూడా ఉంది. టర్కీ 2022లో తుర్కియే అయింది, స్వాజిలాండ్ 2018లో ఎస్వాతినీ అయింది, మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియా అయింది. పాఠకుడికి తెలిసిన పాత పేరు కొంతకాలం పక్కన ఇస్తే సరిపోతుంది. మద్రాసు చెన్నైగా మారినప్పుడు మనం అలవాటు పడలేదా? 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా ఉత్తరాదిలో ఇంకా మనం మద్రాసీలమే. 2014 తర్వాత కూడా ఢిల్లీలో తెలంగాణ మనిషిని ఆంధ్రా వాడంటే అతనికి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

ఇక పోలీసు శాఖను మేము అడిగేది ఒకటే. విదేశీయుడిని అరెస్టు చేసినప్పుడు ప్రెస్ నోట్‌లో పాస్‌పోర్టు చూసి నిర్ధారించిన దేశమే రాయండి. నిర్ధారణ కాకపోతే విదేశీయుడు అని ఆపండి. ఇది మర్యాద కోసం మాత్రమే అడుగుతున్నది కాదు. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడికి తన దేశ దౌత్య కార్యాలయానికి కబురు పంపమని కోరే హక్కు ఉంది. గూఢచారి అంటూ పాకిస్తాన్ పట్టుకున్న మన పౌరుడు కుల్‌భూషణ్ జాధవ్‌కు ఆ దేశం ఆ హక్కు ఇవ్వలేదని మన దేశం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి 2019లో గెలిచింది. మనం అక్కడ పోరాడి సాధించుకున్న ఆ హక్కు మన స్టేషన్‌లో కూర్చున్న ఘనా యువకుడికీ ఉంది. అతన్ని నైజీరియా వాడని రాసుకుంటే ఆ కబురు వెళ్లేది వేరే దేశం ఆఫీసుకు.