లూసీ డిస్కులు పాత సామాన్ల బండికి వేయొద్దండీ

ఈమధ్య మా కర్నూలు వాట్సాప్ గుంపుల్లో ఒకే మెసేజీ తిరుగుతోంది. బంధువుల గుంపులో వచ్చింది, వీధి గుంపులో వచ్చింది, కాలేజీ స్నేహితుల గుంపులోనూ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "ఇంట్లో పాత సీరియళ్ళ సీడీలు, డీవీడీలు, క్యాసెట్లు ఉంటే వెంటనే తీసేయండి. ఒకటి, అవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఎప్పటికీ ఉంటాయి. రెండు, డిస్కు ఆయుష్షు పదేళ్ళే, మీ దగ్గరున్నవి ఈపాటికే పోయుంటాయి. మూడు, ఆ బొమ్మ మసక, ఇప్పటి టీవీల్లో చూడలేం. నాలుగు, పాత కామెడీల్లో నవ్వులన్నీ మిషన్ నవ్వులు, ఇప్పటి పిల్లలకు నవ్వు రాదు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, పదిమందికి పంపమనే కోరిక.

దీన్ని నమ్మి మా పెద్దమ్మ కొడుకు ఒక అట్టపెట్టె నిండా ఉన్న డిస్కుల్ని తూకానికి అమ్మేశాడు. నాకు చాలా బాధ కలిగింది. మా ఇంట్లో ‘ఐ లవ్ లూసీ’ సీజన్లన్నీ డీవీడీలుగా ఉన్నాయి, అమెరికాలో ఉండే మా బావ తెచ్చిచ్చినవి. 1951 అక్టోబరులో సిబిఎస్ అనే అమెరికా టీవీ సంస్థలో మొదలై 1957 దాకా నడిచిన కుటుంబ హాస్యం అది. న్యూయార్కులో అద్దెకుండే లూసీ, బ్యాండు నడిపే ఆమె మొగుడు రికీ, అదే బిల్డింగులో కాపురముండే ఇంటి ఓనర్లు ఫ్రెడ్, ఎథెల్. ఆ నలుగురే ప్రపంచం. లూసీగా లుసీల్ బాల్, రికీగా డెసీ ఆర్నజ్ వేశారు, అప్పట్లో బయటా మొగుడూ పెళ్ళాలే. ఆ డిస్కుల్ని ఇప్పుడు మళ్ళీ మొదటినుంచీ చూస్తున్నాం కాబట్టి, మెసేజీలోని ఒక్కో మాటకూ జవాబు చెప్పగలను.

మొదటి మాట మీద ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని అండతోనే నిలబడుతున్నాయి. ఆన్‌లైన్‌లో ఉండటం కొంతవరకూ నిజమే. మన ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, ఇవాళ యూట్యూబ్‌లో డబ్బులు లేకుండా చూస్తున్నాం. అమృతం వేషం ముగ్గురు నటులు మారినా ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం చివరిదాకా ఉన్నారు. 2018లో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో అందరం ఆ భాగాలే పెట్టుకుని చూశాం. అది అందుబాటులో ఉన్నందుకు సంతోషమే. అయితే హక్కులున్నవాళ్ళు పెట్టారు గనక ఉంది. రేపు వాళ్ళు తీసేస్తే అడిగే అధికారం మనకు లేదు. ‘ఉన్నాయి’ అనే మాట నిజం కావచ్చు, ‘ఎప్పటికీ ఉంటాయి’ అనే మాటకు పూచీ పడేది ఎవరు?

ఇలా తీసేసినవి ఉన్నాయి. ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ కుటుంబం కథ చాలామంది చూసుంటారు. 1991లో దాని మూడో సీజన్ మొదలైన భాగంలో ఒక పాత్రకు మైకేల్ జాక్సన్ గొంతు ఇచ్చాడు. 2019లో ఆయన మీద తీవ్రమైన ఆరోపణలతో ఒక డాక్యుమెంటరీ రాగానే నిర్మాతలు ఆ భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో ఆ సీరియల్ చూపించే డిస్నీ ప్లస్‌లో అది లేదు. పాత డీవీడీ సెట్టు కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో ఉంది. తీసేయడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. తీసేయడం ఎంత సులువో చూడమంటున్నాను, అంతే.

అంతకంటే పెద్ద ఉదాహరణ ఇంగ్లండుది. పాత సామాన్లు ఏరుకుని బతికే తండ్రీకొడుకుల కథ ‘స్టెప్‌టో అండ్ సన్’, బీబీసీలో 1962లో మొదలైంది. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయాక చెరిపేసి దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్ళు. 1970లో రంగుల్లో తీసిన భాగాల్లో చాలావాటి అసలు టేపులు అట్లా పోయాయి. ఇప్పుడు అవి మనకు మిగిలింది నలుపు తెలుపుల్లో. రాసిన గాల్టన్, సింప్సన్ అనే ఇద్దరు రచయితలు తమ కోసం చేయించుకున్న వీడియో కాపీల పుణ్యం అది. అంత పెద్ద సంస్థ కాపాడలేనిదాన్ని ఇంట్లో దాచుకున్న టేపులు కాపాడాయి.

లూసీకే ఇట్లాంటి కథ ఉంది. 1951 మార్చిలో, సీరియల్ మొదలవ్వకముందు, స్పాన్సర్లకు చూపించడానికి ఒక నమూనా భాగం తీశారు. అది దశాబ్దాల పాటు కనిపించలేదు, పోయిందనే అందరూ అనుకున్నారు. అందులో పెపీతో అనే విదూషకుడు నటించాడు. ఆయనకు కానుకగా ఇచ్చిన కాపీ ఆయన భార్య దగ్గర భద్రంగా ఉంది. ఆయన పోయాక ఎన్నో ఏళ్ళకు ఆవిడ దాన్ని బయటపెడితే 1990లో సిబిఎస్ ప్రసారం చేసింది. నలభై ఏళ్ళు ఒక ఇంట్లో పడి ఉండటం వల్లే అది మనదాకా వచ్చింది. ‘తీసేయండి’ అని ఆవిడకు ఎవరైనా మెసేజీ పెట్టి, ఆవిడ విని ఉంటే?

ఇంకొక సంగతి. ఒకే పేరుతో దొరికేదంతా ఒకే సరుకు కాదు. టీవీలో మళ్ళీ మళ్ళీ వేసేటప్పుడు ప్రకటనలకు చోటు కోసం లూసీ భాగాల్లో నిమిషాలకు నిమిషాలు కోసేశారు. పట్టుగుడ్డ మీద గుండె బొమ్మతో మొదలయ్యే టైటిల్ అందరికీ గుర్తు, అది మొదటినాటిది కాదు, తరువాత పునఃప్రసారాలకు చేసింది. మొదట్లో స్పాన్సరు సిగరెట్ కంపెనీ, టైటిల్ లూసీ, రికీల కార్టూన్ బొమ్మలతో ఉండేది. డిస్కుల్లో భాగాలు కోతలు లేకుండా ఉన్నాయి, ఆ పాత టైటిల్ కూడా పెట్టారు. ఒక కాలంలో జనం తమ ఇళ్ళల్లో ఏం చూశారో అట్లాగే చూడాలంటే ఇదే దారి.

రెండో మాట, డిస్కు పదేళ్ళకు పోతుందని. దీనికి కర్నూలువాళ్ళ దగ్గర వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. మా ఇంట్లో కింది అంతస్తు మొత్తం మునిగింది. నీళ్ళు తీశాక వీహెచ్‌ఎస్ క్యాసెట్లు విప్పితే టేపు అంతా బురద, ఒక్కటీ పనికి రాలేదు. డీవీడీల అట్టలు నాని ముద్దయ్యాయి. డిస్కుల్ని మాత్రం మా అమ్మ మంచినీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడిచి, నీడలో ఆరబెట్టింది. లూసీ సెట్టు అట్లా కడిగిందే. ఇవాళ్టికీ ఆడుతోంది.

ఇందులో మహిమ ఏమీ లేదు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) పళ్ళేలను అతికించింది. సమాచారం, దాన్ని ప్రతిఫలించే లోహపు పొర ఆ రెండిటి మధ్య ఉంటాయి, నీళ్ళు సులువుగా చేరవు. వీసీడీ అట్లా కాదు, దాని లోహపు పొర పై అచ్చు కింద పల్చటి పూత చాటున ఉంటుంది, అక్కడ గీత పడితే అంతే సంగతులు. ఇక కంపెనీ అచ్చు వేసిన డిస్కు వేరు, కంప్యూటర్లో మనం రాసుకున్న డిస్కు వేరు. రాసుకునే డిస్కులో రంగుపొర ఉంటుంది, ఎండకూ వేడికీ అది చెడుతుంది. మా తమ్ముడు కంప్యూటర్లో టీవీ కార్డు పెట్టి ‘అమృతం’ రికార్డు చేసి రాసుకున్న సీడీల్లో కొన్ని ఇప్పుడు తెరుచుకోవడం లేదు. మెసేజీ రాసినవాళ్ళు చూసింది ఇట్లాంటివే అయ్యుంటాయి. మన ఎండాకాలంలో రేకుల షెడ్డు కిందో, అటక మీదో పెడితే ఇవి నిలవవు, ఆ మాట ఒప్పుకుంటాను. దాన్ని తెచ్చి డిస్కులన్నిటికీ అంటగట్టడం తప్పు.

బొమ్మ మసక అన్న మూడో మాటకు క్లుప్తంగా చెబుతాను. డీవీడీలో బొమ్మను కూర్చే అడ్డగీతలు తక్కువ, అమెరికా డిస్కులో 480, కాబట్టి పెద్ద తెర మీద కొంత మెత్తగా కనపడుతుంది. అయితే చాలా ఇళ్ళల్లో నేను చూసిన అసలు లోపం డిస్కుది కాదు, టీవీ సెట్టింగుది. చదరానికి దగ్గరగా ఉండే 4:3 బొమ్మను తెర నిండా సాగదీస్తారు, మనుషులంతా లావుగా కనిపిస్తారు. లేకపోతే జూమ్ చేస్తారు, అప్పుడు ఎత్తులో నాలుగో వంతు పోతుంది. 1956లో వచ్చిన ఒక భాగంలో లూసీ ఇటలీలో ద్రాక్షపళ్ళ తొట్టిలో దిగి తొక్కుతుంది. ఆ హాస్యమంతా కాళ్ళల్లోనే ఉంది. కింద కోసేస్తే ఏం చూస్తారు? కొన్ని ఆన్‌లైన్ సంస్థలు తామే ఈ కోత పెట్టాయి. 2019లో డిస్నీ ప్లస్ ‘సింప్సన్స్’ పాత భాగాల్ని వెడల్పు తెరకు కోసేస్తే గోడ మీదా మూలల్లోనూ పెట్టిన జోకులు మాయమయ్యాయి. జనం గొడవ చేశాక మరుసటి ఏడాది అసలు కొలతలో పెట్టింది. మీ టీవీ రిమోట్‌లో 4:3 ఎంచుకోండి. పక్కన నల్లటి పట్టీలు వస్తాయి, బొమ్మ మాత్రం పూర్తిగా వస్తుంది.

ఇంకొక మాట కూడా. లూసీని వీడియోలో కాక 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముపై తీశారు. అప్పట్లో కార్యక్రమాలు చాలావరకు న్యూయార్కు నుంచి ప్రత్యక్షంగా వెళ్ళేవి, దేశం అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళకు టీవీ తెరను ఫిల్ముపై తీసిన మసక కాపీ చూపించేవాళ్ళు. లుసీల్, డెసీ దంపతులు హాలీవుడ్ విడిచి వెళ్ళేది లేదన్నారు, అక్కడి నుంచి మసక కాపీ పంపడానికి స్పాన్సరు ఒప్పుకోలేదు. చివరకు ఫిల్ము ఖర్చు కింద తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఆ భాగాల మీద హక్కు తీసుకున్నారు. డెబ్భై ఏళ్ళ తరువాత కర్నూల్లో మనం లూసీ కనురెప్పల కదలిక కూడా చూడగలుగుతున్నామంటే ఆ బేరమే కారణం.

ఇప్పుడు మిషన్ నవ్వులు. నాలుగో మాట నన్ను ఎక్కువ బాధ పెట్టింది, ఎందుకంటే లూసీలో నవ్వింది నిజమైన మనుషులు. స్టూడియోలో మెట్లు వేసి జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళ ఎదురుగా మూడు కెమెరాలతో ఒకేసారి నాటకంలా ఆడించారు. మూకీల కాలం నుంచి పనిచేసిన కార్ల్ ఫ్రాయిండ్ అనే కెమెరామన్, మూడు కెమెరాలకూ సరిపడేట్టు దీపాలు పైనుంచి కట్టాడు. లుసీల్ బాల్ తల్లి కూడా ఆ జనంలో వచ్చి కూర్చునేది. జాగ్రత్తగా వింటే నవ్వు ఒక్కోసారి ఒక మూల మొదలై అందరికీ పాకడం తెలుస్తుంది, మిషన్‌కు అది చేతకాదు.

మిషన్ నవ్వు అనేది లేకపోలేదు. చార్లీ డగ్లస్ అనే సిబిఎస్ సౌండ్ ఇంజనీరు 1950ల్లో మీటలు నొక్కితే రకరకాల నవ్వులు వచ్చే పెట్టె తయారు చేశాడు, ఎన్నో సీరియళ్ళు దాన్ని వాడుకున్నాయి. కొరియా యుద్ధంలో సైనిక ఆసుపత్రి కథ ‘మాష్’కు అట్లాంటి నవ్వులు పెట్టాల్సిందేనని సిబిఎస్ పట్టుబట్టింది, తీసినవాళ్ళకు ఇష్టం లేకపోయినా. మరి ఆ నవ్వులు లేకుండా చూసే వీలు మనకు ఎక్కడ దొరికింది? డీవీడీలో. నవ్వు తీసేసిన సౌండు ఎంచుకునే వీలు అందులో ఇచ్చారు. మెసేజీ రాసినవాళ్ళకు నిజంగా మిషన్ నవ్వులంటే చిరాకైతే, వాళ్ళు దాచుకోవాల్సిందే ఆ డిస్కు.

పిల్లలు నవ్వరన్న మాటకు మా ఇంట్లోనే జవాబు దొరికింది. 1952 సెప్టెంబరులో వచ్చిన భాగం ఒకటుంది. లూసీ, ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనికి చేరతారు. బెల్టు మీద వచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టాలి, ఒక్కటి తప్పినా పని ఊడుతుంది. బెల్టు వేగం పెరుగుతుంది. ఇక చుట్టలేక నోట్లో, టోపీలో, జాకెట్టులో కుక్కుకుంటారు. మా అక్క పిల్లలు ఇది మొదటిసారి చూసి సోఫా మీద నుంచి జారిపడి నవ్వారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా జేజి కూడా కళ్ళు తుడుచుకుంటూ, "ఆ పిల్లకు ఆ పని యాడ కుదురుతాదప్పా, ఇంగోసారి పెట్టు" అంది. మాటతో పనిలేని హాస్యానికి ఏ ఏడాదైతేనేం.

నచ్చనివీ ఉన్నాయి. కొన్ని భాగాల్లో రికీ లూసీని చిన్నపిల్లను కొట్టినట్టు కొడతాడు, దాన్ని హాస్యమని చూపించారు. అక్కడ నేను ఆపి పిల్లలతో మాట్లాడతాను. అదే సీరియల్ 1952లో, గర్భం అనే మాట టీవీలో పలకనివ్వని రోజుల్లో, లుసీల్ బాల్ నిజంగా కడుపుతో ఉన్న సంగతిని కథలోకి తెచ్చింది. 1953 జనవరి 19న కథలో బిడ్డ పుట్టిన రోజే ఆవిడకు నిజంగా కొడుకు పుట్టాడు. పదేళ్ళు తిరక్కుండానే ఆవిడ ఆ సీరియల్ తీసిన స్టూడియోకు అధినేత అయింది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, డిస్కులో రెండూ ఉంచారు.

మీ ఇంట్లో పెట్టె ఉంటే ఇట్లా చేయండి. ఇంట్లో రాసుకున్న సీడీలు, డీవీడీలు వేరు చేసి, ఎండాకాలం రాకముందే హార్డ్‌డిస్కుకు ఎక్కించండి, పెళ్ళి వీడియోలు ముందు. కంపెనీ అచ్చు వేసినవి నిలువుగా, ఎండ తగలని బీరువాలో పెట్టండి. ఏ దేశాల ప్లేయర్లో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు డిస్కుకు ఉంటుంది, అమెరికా డిస్కులది 1, మనది 5, కాబట్టి ప్లేయరు కొనేటప్పుడు అన్ని రీజియన్లూ ఆడుతుందా అని అంగట్లోనే ఒక డిస్కు వేయించి చూడండి. బూజు పట్టిన క్యాసెట్లను ముందు ప్లేయర్లో వేయొద్దు, టేపును చదివే హెడ్డు పాడవుతుంది. ఇక పాత ప్లేయరు కూడా పారేయకండి, కొత్తవి దొరకడం ఇప్పటికే కష్టమవుతోంది.