మాత్రమాపకం కావలెను

అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి సగటు లెక్కల మీద పెద్దగా నమ్మకం ఉండదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అంటారు. అది పడిన ఏడు కూడా చెనక్కాయ ఎండిపోవడం చూశాం. ఊడలు దిగే వేళకు చుక్క రాలదు, కాయ పెరికి ఆరబెట్టాక కుమ్మరిస్తుంది. వర్షమాపకానికి రెండూ వానే.

మా నాయన బీపీ మాత్రలదీ ఇదే పద్ధతి. డాక్టరు దగ్గరికి పోయే ముందు నాలుగు రోజులు మాత్రం టైము తప్పడు. తక్కిన నెలంతా కరువే.

"ఏం నాయనా, మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకుంటి లేరా."

ఆ ‘లే’ను కొలిచే సాధనాన్ని సైన్సు ఇంకా కనిపెట్టలేదు. ప్రయత్నించలేదని కాదు. 1986లో మోరిస్కీ అనే అమెరికా పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి నాలుగు ప్రశ్నలు తయారుచేశారు. మందు వేసుకోవడం ఎప్పుడైనా మర్చిపోతారా అన్నది మొదటిది. మా వీధిలో ఒకాయన్ను అడిగితే, "సాయంత్రమైతే మందు మర్చిపోయేదెట్లప్పా?" అన్నాడు. పూర్తి మార్కులు వేయక తప్పలేదు.

మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం ఇంకో దారి. ఇచ్చినవాటిలో నూటికి 80 ఖర్చయితే మంచి రోగి కింద లెక్క. ఖర్చయినవి ఎక్కడికి పోయాయో అడగరు. మా పెరట్లో కరివేపాకు చెట్టుకు మాత్రం ఇంతవరకు బీపీ రాలేదు.

మూతలో చిప్ పెట్టిన సీసాలూ వచ్చాయి. మూత తీసిన టైము అది రాసుకుంటుంది. మా నాయన చేతికిస్తే రోజూ తీసి, మూసి, కాఫీకి పోతాడు. మన దేశంలో క్షయ రోగుల కోసం 99డాట్స్ అని ఒకటి తెచ్చారు. అట్టలోంచి మాత్ర తీస్తే దాని వెనక దాచిన ఫోన్ నంబరు బయటపడుతుంది. దానికి పైసా ఖర్చు లేకుండా కాల్ చేస్తే మాత్ర వేసుకున్నట్టే. మిస్డ్‌కాల్ విద్యలో మనల్ని మించినవాళ్లు లేరు కనుక ఆలోచన భేషైనదే. గుటక చప్పుడు మాత్రం ఫోన్లో వినపడదు.

2017లో అమెరికావాళ్లు మాత్రలోనే సెన్సర్ పెట్టిన మానసిక రోగాల మందుకు అనుమతిచ్చారు. కడుపులో పడగానే ఒంటికి అతికించిన పట్టీకి కబురు, అక్కడి నుంచి ఫోనుకు. ఇంతా చేసి, దీనివల్ల రోగులు మందులు సరిగా వేసుకుంటారని రుజువు కాలేదని ఆ మందు కాగితం మీదే అచ్చువేశారు. మా నాయనకు చదివి వినిపిస్తే ఎంత సంతోషించాడో!

"నొప్పి లేదు, నలత లేదు, మాత్రెందుకురా?" అన్న ఆయన ప్రశ్నకు ఏ చిప్పులోనూ జవాబు లేదనుకోండి.

పోయిన నెల ఏదో పెళ్లి హడావుడిలో ఆ నాలుగు రోజులు కూడా తప్పాయి. బీపీ చూసి డాక్టరు కంగారుపడి, మందు పనిచేయడం లేదని ఇంకో మాత్ర కలిపాడు. అంతకుముందు మా నాయన రోజుకు ఒక మాత్ర వేసుకునేవాడు కాదు. ఇప్పుడు రెండు వేసుకోవడం లేదు.