బొమ్మ గీయిస్తే చాలదు, మాట్లాడించాలి

కడప జిల్లా హైస్కూళ్లలో పాటలు, బొమ్మలతో ఇంగ్లీషు నేర్పించాలని ఒక వ్యాసంలో రాశారు. చాలా మంచి మాట. కానీ పిల్లలు పీరియడంతా రంగులేసి, ఒక్క ఇంగ్లీషు వాక్యమైనా పలకకుండా లేచిపోతే ఏం లాభం? బొమ్మ చూసి ఇంగ్లీషులో చెప్పేది ఒకరు, చూడకుండా విని గీసేది ఇంకొకరు అయితేనే మాట అవసరం పడుతుంది.

జంటలో ఒకరికి గండికోట బొమ్మ ఇవ్వండి: పెన్నా, కోటగోడ, మసీదు, గుడి, ఒక చెట్టు. ఈ 5 చాలు, ఎక్కువైతే తెలుగులోకి జారిపోతారు. రెండోవాళ్లకి బొమ్మ కనపడకుండా మధ్యలో అట్ట అడ్డం పెట్టించండి. వీపులు ఆనించి కూర్చోబెడితే 40 మంది తరగతిలో అరుపులే మిగులుతాయి. ముందే 'బిహైండ్', 'నియర్' లాంటివి బోర్డు మీద రాసి పలికించాలి. మనం 'గోడ వెనక' అంటాం కాబట్టి 'వాల్ బిహైండ్' అనేస్తారు. మధ్యలో దిద్దకండి, నోరు మూతపడుతుంది. తప్పులు రాసుకుని చివర్లో అందరిచేతా సరిచేయించండి.

చెప్పి గీయించడానికి 8 నిమిషాలు, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి తేడాలు చెప్పించడానికి 5. ఈ రెండోది దయచేసి వదిలేయకండి, ఎక్కువ మాటలు పుట్టేది అక్కడే. వంతు మారినప్పుడు బొమ్మ కూడా మార్చాలి, తెలిసిన బొమ్మ గురించి అడగడానికేమీ ఉండదు.